పుట్టబోయేవారి తరఫు వాదులు



1990లో ఫిలిప్పీన్స్‌లోని మకాటి ట్రయల్ కోర్టులో ఒక దావా పడింది. వాదులు చిన్నపిల్లలు, వారి తరఫున తల్లిదండ్రులు. దావా నడిపిన వకీలు ఆంటోనియో ఒపోసా పిల్లలూ అందులో ఉన్నారు. కలప నరికే లైసెన్సులన్నీ రద్దు చేయాలని, కొత్తవి ఇవ్వకూడదని వారి ప్రార్థన. పాతికేళ్ల కిందట 1.6 కోట్ల హెక్టార్లున్న వర్షారణ్యం 1987 నాటి ఉపగ్రహ చిత్రాల్లో 12 లక్షలకు పడిపోయిందని దావాలో రాశారు. తమతో పాటు, ఇంకా పుట్టని తరాల కోసమూ అడుగుతున్నామన్నారు.

వ్యాజ్య కారణమే లేదని కింది కోర్టు 1991లో కొట్టేసింది. 1993 జూలై 30న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తీర్పు రాసిన జస్టిస్ హిలారియో డేవిడే తర్కం చూడండి. ప్రకృతిని రాబోయే తరానికి చెడకుండా అప్పగించే బాధ్యత ప్రతి తరానికీ ఉంది. పిల్లలు తమ హక్కు కోసం కోర్టుకెక్కడమే ఆ బాధ్యతను నెరవేర్చడం. సమతుల్యమైన, ఆరోగ్యకరమైన పర్యావరణ హక్కు వారి రాజ్యాంగంలో మన ఆదేశిక సూత్రాల్లాంటి అధ్యాయంలో ఉంది. అయినా దానికి అమలు యోగ్యత ఉందని కోర్టు తేల్చింది. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇది మనకు మరీ కొత్తేమీ కాదు. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ ప్రాణంతో పుడితే ఆస్తిలో వాటా ఉంటుందని హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. పొలంలో వాటా ఇచ్చే చట్టం, పీల్చే గాలి దగ్గరికొచ్చేసరికి మొహం చాటేయడం న్యాయమా?

అయితే ఆ ఫిలిప్పీన్స్ తీర్పు ఒక్క లైసెన్సునూ రద్దు చేయలేదు. విచారణకు వీలు కల్పించింది, అంతే. హక్కు మరీ విశాలంగా ఉందని, నిర్దిష్టమైన చట్టబద్ధ హక్కును చూపాలని జస్టిస్ ఫెలిసియానో విడిగా హెచ్చరించారు. ఆ మాట మనం చెవిన పెట్టాలి. మైనర్లు, పుట్టబోయే తరాల తరఫున పౌరులెవరైనా దావా వేయవచ్చని 2010లో వారి సుప్రీంకోర్టు నిబంధనల్లోనే రాసింది.

మన దేశంలో తొమ్మిదేళ్ల రిధిమా పాండే 2017లో వాతావరణ మార్పుపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019లో ట్రిబ్యునల్ ఆ పిటిషన్‌ను కొట్టేసింది. పర్యావరణ ప్రభావ మదింపులో వాతావరణ అంశాన్ని పట్టించుకోవడం లేదని అనుకోవడానికి కారణం లేదంది. ఆమె వయసు అడ్డంకి కాలేదు.

కనుక న్యాయవాద మిత్రులారా, ఊరి చెరువు కోసమో, ఫ్యాక్టరీ పొగ గురించో పిల్లలు మీ గుమ్మానికొస్తే తిప్పి పంపకండి. తల్లినో తండ్రినో నెక్స్ట్ ఫ్రెండ్‌గా పెట్టి వకాల్తా తీసుకోండి. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ అనుమతి ఉల్లంఘన జరిగిందో పిటిషన్‌లో స్పష్టంగా రాయండి.