మంచం మీద అమ్మాయి, కెమెరా వెనక వైద్యుడు
(ప్రసంగ పాఠం)

ఆస్పత్రి ఫొటోల తొలి చరిత్ర తిరగేస్తే ఎక్కువగా ఎదురయ్యేది మానసిక చికిత్సాలయాల్లోని ఆడవాళ్ల మొహాలే. ఇంగ్లండులో సర్రే కౌంటీ పిచ్చాసుపత్రి స్త్రీల విభాగాన్ని చూసిన హ్యూ డైమండ్ 1850లలో తన రోగులను ఫొటోలు తీశాడు. తన బొమ్మ తను చూసుకుంటే రోగికి మేలు జరుగుతుందని 1856లో వాదించాడు. ఫొటో రోగికి కూడా చూపించాలని కనీసం ఆయనకు తోచింది.

ఇరవై ఏళ్ల తర్వాత పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో తీసిన ఫొటోలు వైద్యులు చదువుకోవడానికి అచ్చయ్యాయి. దిక్కులేని పేద స్త్రీలను వేలమందిని ఉంచిన చోటు అది. అక్కడ షార్కో హిస్టీరియాను అధ్యయనం చేశాడు. ఆయన శిష్యుడు బూర్నెవిల్, ఫొటోలు తీసిన రెన్యార్ 1876-80 మధ్య మూడు సంపుటాలు తెచ్చారు. వాటిలో అందరికీ గుర్తుండిపోయిన అమ్మాయి అగస్టీన్. 1875లో ఆస్పత్రిలో చేరేనాటికి ఆమెకు 14 ఏళ్లు.

తెల్ల దుప్పటి, దిండు, ఆస్పత్రి గౌను, పైకి చాచిన చేతులు. కింద 'పారవశ్యం', 'బెదిరింపు' లాంటి శీర్షికలు. ఆనాటి తడి పలకల మీద బొమ్మ సరిగా పడాలంటే కొన్ని సెకన్లు కదలకూడదు. ఫిట్లతో కొట్టుకుంటున్న పిల్ల కదలకుండా ఎలా ఉంటుంది? బహుశా ఆపి ఉంచితేనే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఫొటోల పక్కనున్న రాత. పదమూడేళ్ల వయసులో తల్లి యజమాని ఆమెను కత్తితో బెదిరించి అత్యాచారం చేశాడని అదే పుస్తకం చెబుతుంది. ఫిట్లలో ఆమె అతన్ని వదలమని అరిచేది. ఆ అరుపులను రాసుకున్నారు, రోగ లక్షణాల కింద! షార్కో దృష్టిలో హిస్టీరియాకు మూలం వంశపారంపర్యమైన నాడీ దౌర్బల్యం. అలా నేరానికి సాక్ష్యం కావలసిన మాటలు కేసు షీటులో కలిసిపోయాయి. 1880లో అగస్టీన్ మగవేషం వేసుకుని ఆస్పత్రి నుంచి పారిపోయింది.

మనమూ కాలిన గాయాల వార్డుల్లో, ఆశ్రయ గృహాల్లో ఫొటోలు తీస్తున్నాం. కోర్టుకు ఆధారం కావాలి కనుక తియ్యాల్సిందే. నివేదిక అట్ట మీదికి వెళ్లే ఫొటో సంగతి వేరు. 'వద్దు' అంటే వైద్యం ఆగదని, మన సాయం ఆగదని మంచం మీదున్న మనిషికి తెలుసా? ఆ ఫొటో ఎక్కడెక్కడికి వెళ్తుందో ఎవరైనా చెప్పారా? అచ్చయ్యాక ఆమెకు చూపించామా? మనం సంతకం చేయించుకునే అంగీకార పత్రాల్లో ఈ ప్రశ్నలకు చాలాసార్లు చోటుండదు. ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే చర్చ మొదలుపెడదాం.