న్యాయశాస్త్రమున ఉన్నతవిద్య



న్యాయవాదవృత్తికి ఎల్.ఎల్.బి. పట్టము చాలును గదా, ఎల్.ఎల్.ఎం. చదువువారికి మన విద్యానిధినుండి వేతన మేల యని దాతలు కొందఱు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న సమంజసమే. ఎల్.ఎల్.ఎం. వలన న్యాయస్థానమున వాదించు అధికార మించుకయు పెరుగదు. అయినను సూత్రము చదివినవానికిని, భాష్యము చదివినవానికిని గల భేదము, సంస్కృతవిద్యార్థులమైన మాకు తెలియును. చట్ట మేమి చెప్పునో మొదటి పట్టము నేర్పును. ఏల నట్లు చెప్పునో రెండవది విచారించును. న్యాయకళాశాలలో అధ్యాపకు లగుటకు ఇదియే ద్వారము. దానిపై నెట్ పరీక్షయో, పిహెచ్.డి. పట్టమో కావలెను. న్యాయవాది తన కక్షిదారుని గాచును. అధ్యాపకుడు ఏటేట తరగతినిండ న్యాయవాదులను సిద్ధపఱచును.

సామాన్యముగా రెండేండ్లు పట్టు ఈ చదువునకు 2013లో ఏకవర్ష పాఠ్యక్రమమును ఏర్పడినది. 1998లో హైదరాబాదున నల్సారు, 2008లో విశాఖపట్టణమున దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము వెలసినవి. వానిలో ప్రవేశమునకు క్లాటు, రాష్ట్ర విశ్వవిద్యాలయములకు పి.జి.లాసెటు పరీక్ష కలదు. చదువు దూరమున లేదు. వసతివ్యయమే పేదయింటి బిడ్డను వాకిట నిలుపుచున్నది.

కావున ఏటేట ఒక యువకునకును, ఒక యువతికిని వేతన మొసగుడు. చదువు ముగిసినపిదప మన వసతిగృహమున వారమున కొకపూట చట్టము బోధింపవలె నని నియమ ముంచుడు. దాతల ఋణము తీరుటకు అంతకంటె మంచిమార్గము మాకు తోపదు.

స్వస్తి.