జెంగ్ సామంత రాజ్యం: ఉత్థాన పతనాల పునర్విచారణ

క్రీ.పూ. 11వ శతాబ్దంలో షాంగ్ వంశాన్ని కూలదోసిన జౌ రాజులు తమ జ్ఞాతులకూ, యుద్ధంలో తోడు నిలిచినవారికీ భూములిచ్చి సరిహద్దులకు పంపిన సంగతి, అలా వెలసిన సామంత రాజ్యాలే తరువాతి శతాబ్దాల చరిత్రను నడిపిన సంగతి ఈ సభకు విన్నవించవలసిన పని లేదు. విన్నవించవలసినది మరొకటి ఉంది. ఛీ, జిన్, చూ వంటి పెద్ద రాజ్యాల జయాపజయాలనే చరిత్రగా ఎంచి, చిన్న రాజ్యం పొరుగువాడికి తలవంచిన నాటినుంచే దాని పతనాన్ని లెక్కకట్టే అలవాటు ఈ రంగంలో ఇంకా పాతుకుపోయే ఉంది. ఆ లెక్క ఎంత తప్పుదారి పట్టిస్తుందో నేటి హుబే ప్రావిన్స్‌లోని సుయ్‌జౌ ప్రాంతాన్ని ఏలిన జెంగ్ రాజ్యం తేటతెల్లం చేస్తుంది.

సీమా చియాన్ తన షీ జీ గ్రంథంలో ప్రధాన సామంత వంశాలకు వేర్వేరు అధ్యాయాలు కేటాయించాడు కానీ ఈ వంశానికి ఒక్కటీ ఇవ్వలేదు. ప్రాచీన వృత్తాంత గ్రంథమైన జువో జువాన్ హాన్ నదికి తూర్పున ఉన్న రాజ్యాలలో సుయ్ పెద్దదని చెబుతుండగా, అదే నేలలో దొరికిన కంచు పాత్రలు మాత్రం జెంగ్ పేరునే చెబుతూ వచ్చాయి. రెండూ ఒకే రాజ్యమని 1978లో లీ షూచిన్ ప్రతిపాదించినది మొదలు దశాబ్దాలపాటు వాదోపవాదాలు సాగాయి. 2019లో జావోషూలిన్ శ్మశానవాటికలో చూ రాజవంశపు ఆడపడుచు మీ జియా సమాధి బయటపడింది; పుట్టింటివారు పెళ్లికిచ్చిన పాత్రమీద ఆమె సుయ్ ఇంటి కోడలు, సమాధి చూస్తే జెంగ్ ప్రభువు బావో పక్కన. ఇంత జరిగాక కూడా గ్రంథాలలో లేని రాజ్యానికి చరిత్ర ఎక్కడిదని ప్రశ్నించేవారు పట్టుదలను పాండిత్యంగా పొరబడుతున్నారు.

రాజ్యస్థాపన విషయంలో ఇప్పుడు పెద్దగా తగవు లేదు. 2011లో వెలుగుచూసిన యేజియాషాన్ సమాధులు పశ్చిమ జౌ యుగపు తొలి దశకు చెందినవి. 2009లో వెన్‌ఫెంగ్‌తాలో దొరికిన కంచు గంటమీది శాసనంలో జెంగ్ ప్రభువు యూ తన వంశమూలాన్ని జౌ రాజులు వెన్, వూలకు కుడిభుజంగా నిలిచిన నాన్‌గాంగ్ కువోతో ముడిపెట్టి, హువాయ్ ప్రాంతపు జాతులను అదుపులో ఉంచడానికే తన పూర్వులను రాజు ఇక్కడికి పంపాడని చెప్పుకున్నాడు. దానికి తోడు రాగి ఉంది. యాంగ్‌జీ మధ్యభాగంలోని గనులనుంచి ఉత్తరాదికి రాగి, తగరం సాగే దారిని కాపాడడమే ఈ సామంతుల ముఖ్యమైన కొలువు. వారి సంపదకూ అదే మూలం.

క్రీ.పూ. 706లో చూ రాజు వూ దండెత్తి వచ్చినప్పుడు జి లియాంగ్ అనే మంత్రి ఇచ్చిన హితబోధ వల్ల సుయ్ కొంత నిలదొక్కుకున్నా, 704లో ఓడి సంధి చేసుకుంది. 690లో మరోసారి దానిపైకి బయలుదేరిన చూ రాజు దారిలోనే మరణించాడు. 640లో హాన్ తూర్పు రాజ్యాలను కూడగట్టి సుయ్ చేసిన తిరుగుబాటు విఫలమైంది. సాధారణ చరిత్ర పుస్తకాలు ఇక్కడితో దాని అధ్యాయం మూసివేస్తాయి.

అసలు చెప్పుకోవలసిన కథ అక్కడే మొదలవుతుంది. క్రీ.పూ. 506లో వూ అనే మరో రాజ్యపు సైన్యం చూ రాజధాని యింగ్‌ను పట్టుకోగా, చూ రాజు జావో పారిపోయి సుయ్‌ను శరణు వేడాడు. వెంటాడి వచ్చిన వూ సేనలు, హాన్ తీరపు జౌ జ్ఞాతులందరినీ మింగినది చూయే కదా అని రక్తసంబంధాన్ని గుర్తుచేసినా, తరతరాల ప్రమాణాలను ఆపదవేళ విడిచిపెట్టలేమని సుయ్ పాలకులు శరణార్థిని అప్పగించలేదు. వెన్‌ఫెంగ్‌తా గంట ఇదే సంఘటనను జెంగ్ పక్షాన నిలిచి చెబుతుంది: చూ రాజును తిరిగి నిలబెట్టినవాడు జెంగ్ ప్రభువే.

ఇక యీ అనే జెంగ్ ప్రభువు సమాధి. 1977లో లేగుదున్ గుట్టను చదును చేస్తుండగా కనబడి, 1978లో తవ్విన ఈ సమాధిలో సుమారు 10 టన్నుల కంచు వస్తువులు, మూడు అంతస్తుల చట్రానికి వేలాడే 65 గంటలు దొరికాయి. ఒక్కొక్క గంట మధ్యన కొడితే ఒక స్వరం, పక్కన కొడితే మరో స్వరం పలుకుతుంది; ఏ చోట ఏ స్వరమో బంగారు పొదుగుతో చెక్కి ఉంది. కింది వరుస నడుమ ఉన్నది మాత్రం చూ రాజు హుయ్ తన 56వ పాలనాసంవత్సరంలో, అంటే క్రీ.పూ. 433లో, యీ కోసం పోయించి పంపిన గంట. అది మిగతావాటి శ్రుతిక్రమానికి చెందినది కాదు. ఒక వర్గం పండితులు దీనిలో ఏలిక అయిన చూ వేసిన ముద్రను, మరొక వర్గం 506 నాటి ఉపకారానికి ప్రత్యుపకారాన్ని చూస్తున్నారు. శాసనం ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. మిగిలిన గంటలమీది శాసనాలే నిర్ణాయకమైనవి: అవి జెంగ్ స్వరనామాలను మూలంగా పెట్టుకుని, చూ, జౌ, జిన్, ఛీ రాజ్యాలవారు ఆయా స్వరాలను ఏమని పిలుస్తారో వివరిస్తాయి. రెండు శతాబ్దాలుగా లొంగి ఉన్న రాజ్యం తన స్వరాన్నే కొలబద్దగా పెట్టుకుని ఏలికల స్వరాన్ని కొలిచింది. దీన్ని పతనమనడం చరిత్రకు న్యాయం కాదు. రాజ్యం చివరికి చూలో కలిసిపోయిన మాట నిజమే. ఆ సంవత్సరాన్ని మాత్రం ఏ వృత్తాంత గ్రంథమూ నమోదు చేయలేదు.

ఆ సమాధిలోని ఒక లక్కపెట్టె మూతమీద 28 నక్షత్రమండలాల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. చైనాలో లభించిన సంపూర్ణమైన జాబితాలలో అదే తొలిది. అభిజిత్తును కలుపుకొని 28 నక్షత్రాలను లెక్కించే భారతీయ సంప్రదాయానికీ దీనికీ ఉన్న సంబంధంపై బియో, వేబర్, విట్నీల కాలంనుంచి వాదం సాగుతోంది. పంచాంగ గణితం ఇంకా కుటుంబవిద్యగా నిలిచి ఉన్న తెలుగునాట ఈ ప్రశ్నను చేపట్టడానికి తగినవారు లేకపోలేదు. లేనిది ప్రాచీన చైనా లిపిని నేరుగా చదివే శిక్షణ. కంచు శాసనాలను మూలంలోనే చదవగల కొద్దిమంది విద్యార్థులనైనా తయారుచేయడానికి ఒక అధ్యయన వృత్తిని నెలకొల్పవలసిందిగా ఈ సభ తీర్మానించాలని అధ్యక్షపీఠం కోరుతున్నది.