విద్యార్థుల స్వయంపాకము

మీలో పెక్కుమంది యిండ్లనుండి మనుమలును మనుమరాండ్రును పై చదువులకై తిరుపతికో చెన్నపట్టణమునకో పోయియున్నారు. వారు ఏమి చదువుచున్నారని మనము తరచుగా అడుగుదుము. ఏమి తినుచున్నారని అడుగుట తక్కువ. అడిగినను “తిన్నానులే తాతా” యని ఒక్క మాటతో సరిపుచ్చుదురు. నేడు నేను మనవి చేయబోవునది ఆ “తిన్నానులే” యను మాటను గూర్చియే.

వెనుకటి కాలమున పేద విద్యార్థికి మూడు దారులుండెడివి. ఏడిండ్లలో వారములు కుదుర్చుకొనుట యొకటి. సత్రములో భుజించుట రెండవది. చిన్న గదిలో స్వయంపాకము చేసికొనుట మూడవది. వారముల వాడుక పోయినది. సత్రమునకు మారుగా వసతిగృహము వచ్చినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును వెలసిన పిదప మన పిల్లలకు ఆ పట్టణము చదువుల పుట్టినిల్లయినది. వసతిగృహములో చేరనివారు ముగ్గురు నలుగురు కూడి గది అద్దెకు తీసికొందురు. గదిలో పొయ్యి యుండును గాని వెలుగదు. ఉదయము తేనీరు, మధ్యాహ్నము బడ్డీకొట్టు బజ్జీలు, రాత్రి వేడినీట వేసిన మైదా నూడిల్సు. కారణమడిగిన, తీరిక లేదందురు. నేనును ఒక కిరసనాయిలు స్టౌతో, రెండు గిన్నెలతో మూడేండ్లు స్వయంపాకము చేసికొని చదివినవాడనే గనుక, దినమునకు ముప్పాతిక గంట చాలునని ధైర్యముగా చెప్పగలను.

ఇది రుచికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వరకు వయసుగల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. మనుమరాలు మేడమెట్లెక్కి ఆయాసపడుచున్నదని వినినచో, చదువు బరువని ఊరకుండరాదు. వైద్యునకు చూపవలెను; కంచములో ఏమున్నదో కూడ చూడవలెను.

కడుపు నిండుట వేరు, ఒడలికి పుష్టి కలుగుట వేరు. ఇందుకు మన తెలుగు దేశమే నిదర్శనము. సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లని బియ్యమే ముఖ్యాహారముగా తినువారికి బెరిబెరి యను వ్యాధి వచ్చెడిది. కాళ్లు తిమ్మిరెక్కి, గుండె నీరసించి, మనుష్యుడు మంచము పట్టెడివాడు. 1918లో మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరున ఈ వ్యాధిని గూర్చి పరిశోధన ఆరంభించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైయున్నది. బియ్యపు పైపొరలో బి విటమిను కలదు. మర దానిని చెక్కివేయును. మిగిలినదానిని మనము నాలుగుమార్లు కడిగి, గంజి వార్చి, నీటిపాలు చేయుదుము. కావున మొదటి మాట యిది: బియ్యమును మితముగా కడిగి, ఎసరు కొలిచి, అత్తెసరు పెట్టవలెను.

రెండవ మాట ఆకుకూర. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధక బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి లోకమునకు ప్రకటించినది. రక్తవృద్ధికి ఆ పదార్థము కావలెను. దాని పేరే ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. పాలకూరలోను, తోటకూరలోను అది కలదు. అయితే కూరను తరిగిన పిమ్మట కడిగి, ఎక్కువ నీట ఉడికించి, ఆ నీరు పారబోసినచో అదియు పోవును. ముందు కడిగి, పిదప తరిగి, పప్పులోనే ఉడికించుట మేలు.

ఇక పొయ్యి దగ్గరకు వత్తము. విద్యార్థికి కావలసిన సరంజామా స్వల్పము: చిన్న కుక్కరు ఒకటి, మూకుడు ఒకటి, తెడ్డు, కత్తి. సరకులలో బియ్యము, రాగిపిండి, కందిపప్పు, పెసరపప్పు, శెనక్కాయల విత్తులు, చింతపండు, మిరపకాయలు, ఉప్పు, కొంచెము నూనె. ఆకుకూర, నిమ్మకాయ, గ్రుడ్లు, పెరుగు ఎప్పటికప్పుడు కొనునవి.

మిక్కిలి సులభమైనది పులగము. ఒక గ్లాసు బియ్యము, అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీరు, కొంచెము జీలకఱ్ఱ, నాలుగు మిరియాలు, ఉప్పు కుక్కరులో వేసి, తరిగిన ఆకుకూర గుప్పెడు చేర్చి మూత బిగించిన చాలును. అది ఉడుకుచుండగా పిల్లవాడు పాఠము చదువుకొనవచ్చును. బియ్యపు మాంసకృత్తులలో కొరవడిన అంశము పప్పులో కలదు. పప్పులో కొరవడినది బియ్యములో కలదు. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మరియొకటి తీర్చును. తినుటకు ముందు నిమ్మరసము పిండినచో ఆకుకూరలోని యినుము చక్కగా ఒంటబట్టును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో అట్లు కాదు, గంటసేపైనను ఆగవలెను.

మన సీమవారికి రాగిసంకటిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. అరగ్లాసు బియ్యమును నాలుగు గ్లాసుల నీట మెత్తగా ఉడికించి, గ్లాసు రాగిపిండిని నడుమ పోసి, మూతపెట్టి సన్నని సెగపై మగ్గించి, ఉండలు లేకుండ తెడ్డుతో గెలికిన సంకటి సిద్ధము. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. బియ్యములో అందు పదియవ వంతైనను లేదు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు పట్టణవాసులు ఆశ్చర్యపడిరి గాని, మన ముసలవ్వలు ఆశ్చర్యపడియుండరు. సంకటికి తోడు వేయించిన విత్తులు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు చేర్చి నూరిన శెనక్కాయల పచ్చడి చాలును. మాంసాహారులకు గ్రుడ్డు కలదు. పులికాటు చెరువు చేపలు తిని పెరిగిన మన తీరపు పిల్లలకు చేపలపులుసు ఎట్లును నాలుకపై నుండును. ఉప్పు మాత్రము దినమునకు చెంచాడు, అనగా అయిదు గ్రాములు, దాటరాదు. ఊరగాయలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే.

తీరిక లేదను మాటకు శ్రీహరికోటయే సమాధానము చెప్పును. ఒకప్పుడు ఆ దీవి యడవులనుండి వంటచెరకు బకింగుహాము కాలువపై పడవలలో చెన్నపట్టణపు పొయ్యిలకు పోయెడిది. 1971లో అచ్చటనుండి మొదటి పరిశోధక రాకెట్టు ఎగిరినది. 2023 జూలై 14న చంద్రయానము-3 బయలుదేరినది. రాకెట్టు ఎగురుట నిమిషములలో ముగియును. దానికి ముందటి లెక్క మాత్రము గంటలకొలది సాగును. వంటయు అట్టిదే. రాత్రి పండుకొనబోవునప్పుడు కందిపప్పు నానవేసి, కూర ఏరి పెట్టుకొన్నవానికి ఉదయము పని తేలిక. నలుగురున్న గదిలో ఒకడు వండ, ఒకడు తరుగ, ఒకడు గిన్నెలు తోమ, ఒకడు అంగడికి పోయినచో ఎవరికిని భారము కాదు. వండినది ఆ పూటకే సరిపోవలెను. ఎండకాలమున ఉదయపు పప్పు రాత్రికి నిలువదు.

పెద్దలారా, తుది మాట మీకే. పిల్లలను పంపునపుడు ఊరగాయ జాడీ ఇచ్చి తృప్తిపడుదుము. దానితోపాటు మీ చేని రాగులు పిండి పట్టించి, కందిపప్పు మూటగట్టి యిండు. బయలుదేరుటకు ముందొక నెల దినములు వారిని వంటయింట నిలువబెట్టుడు. ఆడపిల్లకు నేర్పి మగపిల్లవానిని విడువకుడు. వంట మగవాని పని కాదనువారికి, మంచి వంటకు మనము పెట్టుకొన్న పేరే నలభీమపాకమని గుర్తుచేయుడు. విరాటుని కొలువున వలలుడై గరిటె పట్టినవాడు భీమసేనుడే గదా! తన అన్నము తాను వండుకొనగలవానికి ఏ ఊరును పరాయి యూరు కాదు. ఈసారి మనుమడు దూరవాణిలో మాటాడినప్పుడు మార్కులకు ముందు, నేడు ఏమి వండితివని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసివచ్చును గనుకనైనను, వాడు పొయ్యి వెలిగించును.