మొండికేసిన పిన్నులు

1985లో మన దేశపు రోడ్లపైకి వచ్చిన హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 బండ్లు ఇప్పటికిని కొన్ని ఇండ్లలో కలవు. తండ్రి ఉద్యోగమునకు తిరిగిన బండి. కుమారునకు దానిని విడుచుటకు మనసొప్పదు. ఇంజను బాగుచేయించును, రంగు వేయించును. అయినను చీకటిలో, దారి మధ్యమున, ఉన్నట్టుండి దీపము ఆరిపోవును. బల్బు మార్చినను అంతే. ఎదురుగా లారీ వచ్చు వేళ ఇది జరిగిన నేమగునో శ్రోతలు ఊహించుకొనగలరు. ఇట్టి లోపము తరచుగా వైరింగు కిట్టులో, అందును కప్లరులో దాగియుండును. ఆ కప్లరులోని పిన్నును ఊడదీయు విధమును గూర్చి నేడు ముచ్చటింతుము. కంటితో చూడవలసిన పనిని చెవికి చెప్పుట సాహసమే; అయినను ప్రయత్నింతుము.

పిన్ను ఇత్తడిది. వానతడి, సముద్రపుగాలి తగిలిన ఇత్తడికి పచ్చని చిలుము పట్టును. చిలుము విద్యుత్తునకు అడ్డుగోడ. 12 వోల్టుల బండిలో 35 వాట్ల దీపమున్నదనుకొందము. దాని దారిలో చిలుము వలన అర ఓము నిరోధము ఏర్పడినచో, ఇంచుమించు 1.3 వోల్టులు అచ్చటనే ఖర్చగును. దీపపు వెలుగు సుమారు మూడవవంతు తగ్గును. అంతతో పోదు. ఆ చిన్న పిన్నుపై మూడు వాట్లకు మించిన వేడి పుట్టును. గోరంత లోహమునకు అది తక్కువ వేడి కాదు. క్రమముగా కప్లరు ప్లాస్టికు గోధుమరంగునకు తిరిగి, మెత్తబడి, తుదకు పిన్నును కరచిపట్టుకొనును. పిన్ను మొండికేయుటకు ఒక కారణ మిదియే.

రెండవ కారణము నిర్మాణములోనే కలదు. పిన్ను వీపున ఒక సన్నని నాలుక, కొంచెము పైకి వంచి యుండును. పిన్నును వెనుకనుండి లోనికి త్రోయునపుడు ఆ నాలుక అణగి, లోపలి మెట్టు దాటగనే లేచి, దాని కడ్డుపడును. చేప గాలమునకున్న ముల్లు వంటి దనుకొనుడు. లోనికి పోవుట సులభము, వెలికి వచ్చుట దుర్లభము. తీగను బలముగా గుంజినచో తీగ తెగును గాని పిన్ను రాదు. ఇది తెలియని చేతులలో ఎన్ని తీగలు తెగినవో లెక్కలేదు. ఆపైన కోసిన తీగలను మెలివేసి, టేపు చుట్టి పంపుట మన వీథి షాపులలో మామూలు. ఆ మెలిక ఒక వానకాలము నిలుచును. రెండవ వానకాలమునకు మరల చిలుమే. అందుచేత కోయుటకు ముందు ఊడదీయుటకే యత్నింపవలె నని మా మతము.

మొదట బ్యాటరీ మైనస్ తీగను విప్పవలెను. తరువాత కప్లరును ఫొటో తీసికొని, ఏ గదిలో ఏ రంగు తీగ యున్నదో కాగితముపై వ్రాసికొనవలెను. రంగులను జ్ఞాపకమునకు వదలరాదు. హోండా పద్ధతిలో ఎర్తు తీగ ఆకుపచ్చనిది, యమహా పద్ధతిలో నల్లనిది. ఒక బండి అలవాటుతో వేరొక బండిని ముట్టినవారు ఫ్యూజులు కాల్చుకొందురు.

ఇక అసలు కిటుకు. పిన్నును లాగుటకు ముందు లోనికి త్రోయవలెను! తీగను పట్టుకొని పిన్నును ముందునకు కొంచెము నెట్టినచో, మెట్టుకు ఆనియున్న నాలుక దానినుండి ఎడమగును. ఆ స్థితిలో, కప్లరు రెండు భాగములు కలిసికొను ముఖమునుండి, సన్నని బల్లపరుపు పనిముట్టును నాలుక ఉన్న వైపున చొప్పించి, నాలుకను అణచి, అప్పుడు తీగను మెల్లగా వెనుకకు లాగవలెను. గడియారముల పనివారు వాడు చిన్న స్క్రూడ్రైవరైనను, అరగదీసిన గొడుగు కమ్మియైనను ఇందుకు చాలును. కుట్టుసూది మాత్రము పనికిరాదు. మొన నాలుకపైనుండి జారిపోవును. గుండ్రని పిన్నులకు రెండువైపుల ముళ్లుండును గనుక, పిన్ను చుట్టును సరిపడు సన్నని గొట్టము కావలెను. పాత ట్రాన్సిస్టరు రేడియో ఏరియలులో కొలత కుదిరిన ముక్క దొరకిన దొరకవచ్చును. రేడియో వారము కావున ఈ సలహా ఇచ్చుచున్నామని అనుకొనవలదు. పని నిజముగానే జరుగును.

కొన్ని కప్లర్లకు రెండవ తాళముగా రంగు ప్లాస్టికు పలక యొకటి యుండును. దానిని ముందుగా జరపనిదే ఎంత పొడిచినను ఫలము లేదు.

చిలుముతో బిగిసిన పిన్నుపై కాంటాక్ట్ క్లీనరు చిలికించి, ఒక గంట ఓపిక పట్టుడు. ప్లాస్టికు పెళుసుగా నున్నచో జుట్టు ఆరబెట్టు డ్రయ్యరుతో కొంచెము వెచ్చజేసిన పగులదు. నిప్పు చూపరాదు. కరగి అతుక్కున్న పిన్నుతో మాత్రము పోరాటము వృథా. అట్టి కప్లరును కట్టరుతో చీల్చి పారవేసి, తీగను మాత్రము దక్కించుకొనవలెను. కప్లరు వెల స్వల్పము. కిట్టులోని తీగ పొడవు ఒకసారి తగ్గెనా, హ్యాండిలు త్రిప్పినపుడెల్ల అది బిగువునకు వచ్చును.

నల్లబడి సడలిన పిన్నును మరల వాడక, క్రొత్తదానిని క్రింపింగు ప్లయరుతో తీగకు పట్టించుట మేలు. మంచి పిన్నునే తిరిగి వాడుకొనునెడల, అణగిన నాలుకను కత్తిమొనతో పైకెత్తుట మరువరాదు. లోనికి త్రోసినపుడు టక్కుమను చిరుధ్వని వినవచ్చును. అటుపై తీగను మెల్లగా లాగి చూడవలెను. కదలినచో పిన్ను కూర్చుండలేదని యర్థము. అన్నియు కూర్చిన పిదప బ్యాటరీ తగిలించి, ఇంజను నడచుచుండగా దీపము వేసి, హ్యాండిలును ఈ చివరనుండి ఆ చివరకు పదిసారులు త్రిప్పి చూడుడు. వెలుగు ఒక్కసారియైనను తొణకినచో, ఇంకొక కప్లరును వెదకవలసి యుండును.