వీధి పేరులో ఓడ

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన మిత్రులు ఇంకా ఉన్నారు గనుక క్లుప్తంగా ముగిస్తాను.

మన కాలనీలో కొత్తగా వేసిన వీధికి నెల్లూరు ఎన్‌సీసీ నౌకా విభాగం పేరు పెడదామని సూచన వచ్చింది. "నౌకాదళం విశాఖపట్నం వాళ్లది, మనకెందుకు?" అని కొందరన్నారు. నేను ఉద్యోగరీత్యా అక్కడ కొన్నేళ్లున్నాను కాబట్టి ఆ ఊరి సంగతే ముందు చెబుతాను.

విశాఖలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు అని పెద్ద కూడలి ఉంది. బస్సు కండక్టరు నుంచి కూరగాయలమ్మి దాకా అందరి నోటా ఎన్‌ఏడీయే. ఓసారి మా మనవడు "తాతయ్యా, ఎన్‌ఏడీ అంటే ఎవరు?" అని అడిగాడు. నౌకాదళ ఆయుధాగారం అని చెబితే వాడితోపాటు పక్క సీటులోని ఆ ఊరాయన కూడా ఆశ్చర్యపోయాడు. సింధియా జంక్షనూ అంతే. 1941లో సింధియా కంపెనీ అక్కడ ఓడల కర్మాగారానికి పునాది వేసింది. అది 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా కూడలికి పాతపేరే మిగిలింది. పేరు నిలుస్తుంది, అర్థం జారిపోతుంది.

ఐఎన్ఎస్ సర్కార్స్ అనేది సముద్రం మీద తిరిగే ఓడ కాదు, విశాఖ ఒడ్డున ఉన్న నౌకాదళ స్థావరం. ఉత్తర సర్కారుల పేరే దానికి పెట్టారు. మన నెల్లూరు ఆ సర్కారుల్లోది కాదు లెండి, 1801లో ఆర్కాటు నవాబు చేతినుంచి కంపెనీకి వచ్చింది. అయినా సముద్రానికి జిల్లా సరిహద్దులుంటాయా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అవి పడ్డ తీరమే మన మైపాడు, కృష్ణపట్నాల దాకా సాగుతుంది.

ఆ యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీకి వాలంటీర్ రిజర్వు ఉండేది. వేరే వృత్తుల్లో ఉన్నవారు అందులో చేరి ఓడలెక్కేవారు. కెనడాలో నేటికీ సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊళ్లలో సైతం రిజర్వు విభాగాలున్నాయి, వాటికి ఓడల పేర్లే. మన ఎన్‌సీసీ పిల్లలు రిజర్వు సైనికులు కారు, నౌకాదళంలో చేరి తీరాలన్న నిబంధన వారికి లేదు. కానీ చదువుకుంటూనే తెరచాప కట్టడం, తెడ్డు వేయడం, జెండాలతో సంకేతాలివ్వడం నేర్చుకుంటున్నారు. నాకు అది చాలు.

2008లో ముంబైపై దాడికి వచ్చినవారు చేపల పడవను చేజిక్కించుకునే తీరానికి చేరారు. ఆ తర్వాత మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చి, అనుమానం కలిగించే పడవ కనబడితే చెప్పమన్నారు. జీతం లేని ఆ కాపలా మన పల్లెపాళేల వారిదే. వారి మాటా పలకమీద ఉండాలి.

పేరు పెడితే పొడి అక్షరాలుగా వద్దు. తెలుగులో పూర్తిపేరు రాయించి, ఎవరికోసమో కింద రెండు వరుసలు వేయించాలి. పెయింటు ఉప్పుగాలికి ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు తెలుసు, అందుకే రాతిపలక కావాలి. నా వంతు డబ్బు కోశాధికారిగారికి ముట్టజెప్పి రసీదు తీసుకున్నాను.