పటిక, సున్నం, చాయ్‌పత్తి



చాయ్‌పత్తి నుంచి కెఫీన్ తీసే సంగతి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చింది మన ఊరి పేరే. ఫ్లోరైడ్ నీళ్లను బాగుచేయడానికి నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం కలిపే పద్ధతి తయారుచేశారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. అక్కర్లేనిదాన్ని గడ్డకట్టించి అడుక్కి దించడం, పైతేట వంచుకోవడం, అంతే కిటుకు. చాయ్‌లోనూ ఆ కిటుకే పనికొస్తుంది.

చాయ్‌పత్తిలో కెఫీన్ నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లే. దాన్ని నీళ్లలోకి దించడం కష్టం కాదు: 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో 2 గ్రాములు కరిగే కెఫీన్, సలసల కాగే నీళ్లలో 66 గ్రాములు కరుగుతుంది. తంటా అంతా దాని వెంట దిగే వగరుతోనే. ఆ వగరునిచ్చేవే టానిన్లు.

డికాక్షన్ చల్లారాక డైక్లోరోమీథేన్ అనే ద్రావకం పోస్తాం. అది నీళ్లకంటే బరువు, అడుగున నిలిచి కెఫీన్‌ను లాక్కుంటుంది. టానిన్లుంటే మాత్రం రెండు పొరలూ విడిపోవు, చిలికిన మజ్జిగైపోతాయి. డిగ్రీ పిల్లలు పొరలను విడదీసే గాజు ఫనెల్‌ను జోరుగా ఊపేసి సాయంత్రం దాకా ఆ నురగను చూస్తూ కూర్చుంటారు. ఆ వయసులో నేనూ కూర్చున్నాను లెండి. అందుకే మరిగేటప్పుడే కాస్త సున్నం వేయాలి, అప్పుడు టానిన్లు ముద్దకట్టి వడపోతలో ఆగిపోతాయి. అతిగా వేస్తే కెఫీనే చెడుతుంది. ఫనెల్‌ను ఉయ్యాల ఊపినంత మెల్లగా ఊపాలి.

రెండో కిటుకు నీళ్ల కరువు చూసిన పాలమూరు అక్కలకు తెలిసిందే. ఉన్న నీళ్లన్నీ ఒక్కసారే పోసి బట్ట జాడించరు, మూడు దఫాలుగా జాడిస్తారు. కెఫీన్ నీళ్లలోకంటే ఈ ద్రావకంలోకి ఏడింతలు ఎక్కువగా పోతుందనుకుందాం. 100 మిల్లీలీటర్ల డికాక్షన్‌కు 90 మిల్లీలీటర్ల ద్రావకం ఒకేసారి పోస్తే 14 శాతం కెఫీన్ నీళ్లలోనే మిగులుతుంది. అదే 30 చొప్పున మూడుసార్లు పోస్తే మిగిలేది 3 శాతమే. ద్రావకం చుక్క కూడా పెరగలేదు!

ఫ్యాక్టరీలకు ఇంకో దారి ఉంది. సోడాలో బుసబుసలాడే కార్బన్ డై ఆక్సైడ్‌నే 31 డిగ్రీలు, 73 వాతావరణ పీడనాలు దాటిస్తే వాయువులా ఆకులోకి చొచ్చుకుపోయి ద్రవంలా కెఫీన్‌ను కరిగిస్తుంది. పీడనం తీసేస్తే ఎగిరిపోతుంది, ఆకులో విషపు మరక మిగలదు. నా ఓటు దానికే, యంత్రం ఖరీదే భారం.

చివరగా రెండు మాటలు. డైక్లోరోమీథేన్ ఆవిరి ఒంటికి మంచిది కాదు, ఇంట్లో దాని జోలికి పోకండి. రెండోది, మొదట చెప్పిన ఫ్లోరైడ్ సంగతి: తేయాకు మొక్క ఫ్లోరైడ్‌ను ఆకుల్లో పోగేసుకుంటుంది, మరిగిస్తే అదీ దిగుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లు రోజుకు ఎన్ని గ్లాసుల చాయ్ తాగుతున్నారో కాస్త లెక్కపెట్టుకోండి.